వాల్వు మీద బొట్టు

ఆపద వచ్చినప్పుడు పరుగెత్తుకొచ్చే మంచి మనుషులను నా ఉద్యోగంలో చాలామందిని చూశాను. వాళ్లలో ఎత్తబోయే సరుకు ఏమిటో ముందు కనుక్కుందామనుకున్నవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది కూడా లేరు. గ్యాస్ గోదాం కీపరుగా పనిచేసి బయటపడ్డాక నాకు మిగిలిన అభిప్రాయం ఇదే. ఇప్పుడు వరద వచ్చినా, గాలివాన వచ్చినా జట్లు కట్టి బయలుదేరే పిల్లలు ఉన్నారు. వాళ్లలో ఒకరిద్దరైనా చదువుతారేమోనని ఒకనాటి సంగతి రాస్తున్నాను. మెచ్చుకోళ్లు కావలసినవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. అవి సన్మాన సభల్లో దొరుకుతాయి.

తొంభైల మొదట్లో నారాయణఖేడ్‌లో మా ఏజెన్సీ గోదాం ఊరి బయట ఉండేది. రేకుల షెడ్డు, చుట్టూ తీగల కంచె, ఒక గేటు. అంతకుముందు నేను మార్కెట్ యార్డులో కాంటా దగ్గర పనిచేశాను. బడిలో చదివింది తక్కువే. మూటలు తూస్తూ తూస్తూ లెక్క దానంతట అదే వచ్చింది. ఏజెన్సీ యజమాని నన్ను తీసుకున్నది ఆ లెక్క చూసే. గ్యాస్ గురించి నాకు తెలిసిందంతా కంపెనీ నుంచి వచ్చిన ఒక ఇన్‌స్పెక్టరు సగం పూట కూర్చోబెట్టి చెప్పిందే.

ఆయన చెప్పినవి గట్టిగా అరడజను మాటలు. సిలిండర్ నిలబడి ఉండాలి, పడుకోకూడదు. వాల్వు మీద మూత ఉండాలి. బండి తెరిచి ఉండి గాలి ఆడాలి. దగ్గర్లో నిప్పు ఉండకూడదు. బండి మీద డ్రైవరు, ఆ సరుకు సంగతి తెలిసిన ఇంకొక మనిషి, ఈ ఇద్దరు తప్ప ఎవరూ ఎక్కకూడదు. ఎందుకో కూడా చెప్పాడు. ఈ గ్యాస్ గాలికన్నా బరువు. బయటికి వస్తే పొగలా పైకి పోదు, నీళ్లలా కిందికి జారి పల్లంలో నిలుస్తుంది. సిలిండర్‌ను పడుకోబెడితే వాల్వు దగ్గరికి ద్రవమే వస్తుంది. ఒక చెంబెడు ద్రవం కారితే రెండు వందల చెంబులకు పైగా గ్యాస్ అవుతుంది. ఇందులో అర్థం కానిది ఏముంది? ఎవరికైనా ఒక్కసారి చెబితే చాలు. కాకపోతే రూలు అర్థం కావడం వేరు, అది తనకూ వర్తిస్తుందని ఒప్పుకోవడం వేరు. రెండోది చేసినవాడిని ఖేడ్‌లో నేను పెద్దగా చూడలేదు.

ఆ ఏడు రాష్ట్రం సరిహద్దు అవతల భూకంపం వచ్చింది. మా దగ్గర పాత్రలు గలగలలాడి ఊరుకున్నాయి. అవతల మట్టి, రాయి పెట్టి కట్టిన ఇళ్లు ఊళ్లకు ఊళ్లే కూలిపోయాయి. దాని వెనకే వాన పట్టుకుంది. శిబిరాల్లో బియ్యం ఉన్నాయి, పప్పు ఉంది, కట్టెలు మాత్రం తడిసి మండటం లేదని కబురు వచ్చింది. ఖేడ్‌లో పెద్దమనుషులు అప్పటికే ఒక సహాయ కమిటీ వేసుకున్నారు. గ్యాస్ పంపుదామని ఆ కమిటీయే అంది. వాళ్లకు వచ్చిన ఆలోచనల్లో బుద్ధి ఉన్నది అదొక్కటే. దాన్ని నేను ఎప్పుడూ కాదనలేదు.

కమిటీ అధ్యక్షుడు పత్తి వ్యాపారి. ఊరంతా సావ్కార్ అని పిలిచేది. తెల్ల ధోవతి, తెల్ల చొక్కా, ఎక్కడ మైకు కనిపిస్తే అక్కడ నిలబడే అలవాటు. బస్‌స్టాండు దగ్గర మైకులో ఎనభై సిలిండర్లు పంపుతున్నామని చెప్పేశాడు. ఎనభై ఎలా తేలిందని తర్వాత అడిగాను. వినడానికి నిండుగా ఉంటుందని అన్నాడు. లారీలన్నీ అప్పటికే సరుకుల మీద వెళ్లిపోయాయి. పైగా అవతలి నల్లరేగడి దారుల్లో లారీ దిగబడుతుంది. అందుకని ట్రాక్టరు, ట్రాలీ మాట్లాడారు. డ్రైవరుది నాగల్‌గిద్ద వైపు. ఇంట్లో కన్నడం, బయట మన మాట. నన్ను వెంట వెళ్లమని మా యజమాని హుకుం వేశాడు.

"నువ్వు బండి మీదనే పో. ఏమన్న అయితే జవాబు నీదే" అన్నాడు. ఏమీ కాకపోతే పేరు ఎవరిదో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

ఆ పొద్దున అందరికన్నా ముందు గేటు దగ్గరికి వచ్చింది ఒకామె. ఆమెది కంగ్టి అవతలి పల్లె. చేతిలో గుడ్డ సంచి. ఆమె చెల్లెలిని సరిహద్దు అవతలి ఊరికి ఇచ్చారు. ఆ ఊరి పేరు కూలిన ఊళ్లలో వినిపించింది. అంతకుముందే ఒకసారి బస్సెక్కి వెళ్లిందట. శిథిలాలు చూడటానికి ఎక్కడెక్కడి జనమో ఎగబడుతుంటే పోలీసులు బస్సులను దూరంగానే ఆపి తిప్పి పంపుతున్నారు.

"తమాషా చూడనీకి వచ్చినవా అని లాఠీ చూపెట్టిండన్నా. నా చెల్లె ఉన్నదంటే, అందరు గదే చెప్తరు పో అన్నడు" అంది. సామాను బండ్లను మాత్రం లోపలికి వదులుతున్నారని విని మా గోదాం వెతుక్కుంటూ వచ్చింది.

సావ్కార్ రాగానే ఆయన కాళ్ల దగ్గరికి పోయి అడిగింది. ఆయన ఎంతో దయగా తల ఊపాడు.

"గ్యాస్ బండి మీద మనుషులు ఎక్కొద్దమ్మా. రూలు ఉంది. కావాలంటే ఈయన్ని అడుగు" అని నన్ను చూపించాడు.

అవునని తల ఊపాను. ఉన్న రూలే మరి. కానీ ఆ నోట రూలు అన్న మాట రావడం నేను విన్నది అదే మొదటిసారి. అది ఆమె కోసం వచ్చింది. ఎందుకంటే అప్పటికే ఎనిమిది మంది వాలంటీర్లు బ్యానరు పట్టుకుని ట్రాలీ చుట్టూ తిరుగుతున్నారు. సిలిండర్ల మీద కూర్చుని ఊరేగింపుగా వెళ్లాలని వాళ్ల ఏర్పాటు.

"మరి గీ పిలగాండ్లంత యాడ కూసుంటరు?" అని ఆమె అడిగింది.

"వాళ్లు వాలంటీర్లమ్మా" అన్నాడు సావ్కార్.

"వాలంటీర్లు మనుషులు గాదా?"

డ్రైవరు పక్కకు తిరిగి నవ్వాడు. సావ్కార్‌కు వినపడలేదు. అలాంటివి ఆయనకు వినపడవు. ఆమె ఇక మాట్లాడకుండా పోయి ట్రాలీ వెనక, కంచె పక్కన నేల మీద కూర్చుంది. పొమ్మంటే పోలేదు.

ఎక్కించడం మొదలైంది. మా ప్రాంతంలో ట్రాలీలో కందులు వేసేముందు అడుగున తాటిపత్రి పరుస్తారు. మందపాటి టార్పాలిన్ అది. నాలుగు వైపులా గోడల మీదికి లాగి కట్టేస్తారు. ఒక్క గింజ కూడా కింద రాలకూడదు. కందులకు అంతకన్నా మంచి పద్ధతి లేదు. మా వాలంటీర్లు గ్యాస్‌కు కూడా అదే చేశారు. ట్రాలీ మొత్తాన్ని ఒక తొట్టి చేసి, అందులో సిలిండర్లను మూటల్లా పడుకోబెట్టడం మొదలుపెట్టారు.

"తాటిపత్రి తీయుండ్రి. నిలబెట్టుండ్రి" అన్నాను.

"నిలబెడితే ఎన్ని పడ్తయ్?" అన్నాడు సావ్కార్.

ట్రాలీ పొడవు పది అడుగులు, వెడల్పు ఆరు. సిలిండర్ అడుగుకు కొంచెం ఎక్కువ. పొడుగునా తొమ్మిది, అడ్డంగా ఐదు.

"నలభై ఐదు."

"మైకుల ఎనభై అని చెప్పినం. ఇప్పుడు నలభై ఐదు అంటే ఇజ్జత్ ఏముంటది?"

"ట్రాలీకి ఇజ్జత్ తెల్వది సావ్కార్. పొడుగు, ఎడల్పు తెల్సు. రెండు ట్రిప్పులు కొడదాం."

"రెండో ట్రిప్పుకు ఫోటోలు ఎవలు తీస్తరు?" అన్నాడు ఒక వాలంటీరు. వెటకారం కాదు. నిజంగానే అడిగాడు. ఫోటోగ్రాఫరును ఒక పూటకే మాట్లాడారట.

డ్రైవరును చూశాను. "నన్నేం చూస్తవన్నా? కందులు ఏసిన, పత్తి ఏసిన, పెండ్లోళ్లను ఏసిన. గీ సరుకు నాకు కొత్త. మీరిద్దరు ఒక మాట మీదికి రాండ్రి, నేను తోల్త" అన్నాడు. ఆ ఆవరణలో తనకు తెలియదని ఒప్పుకున్నవాడు అతనొక్కడే.

యజమాని దగ్గరికి పోయాను. ఆయన షెడ్డు వెనక కుర్చీలో చాయ్ తాగుతున్నాడు. చెప్పిందంతా విన్నాడు.

"ఇయ్యాల్టికి పోనియ్యి. మంచి పని గద" అన్నాడు.

మంచి పని కాబట్టి గ్యాస్ మండకుండా ఉంటుందని ఆయన ఉద్దేశమో ఏమో. మంచి పని అన్న మాట పదకొండు సార్లు వాడాడు. రూలు అన్న మాట ఒక్కసారీ వాడలేదు. నేను చెప్పాను, ఆయన చాయ్ తాగాడు. నేను మళ్లీ చెప్పాను, ఆయన ఇంకో చాయ్ తెమ్మన్నాడు.

అక్కడ నేను గొంతు అరగదీసుకుంటున్నప్పుడు ట్రాలీ దగ్గర జరిగింది నాకు తర్వాత తెలిసింది. కొత్త పని కదా, ప్రతి సిలిండర్‌కూ బొట్టు పెట్టాలని ఎవరికో తోచింది. పెట్టవచ్చు. సిలిండర్ ఒళ్లంతా ఇనుమే, ఎక్కడ పెట్టినా అంటుకుంటుంది. కానీ ముఖానికి పెట్టాలి కదా అన్నాడట ఇంకొకడు. సిలిండర్‌కు ముఖం ఏది? వాల్వు. మూత తీయాలి, వాల్వు మధ్యలో కుంకుమ పెట్టాలి, మూత పెట్టాలి. ఆ వాల్వు మధ్యలో ఒక చిన్న పిన్ను ఉంటుంది. దాన్ని నొక్కితే గ్యాస్ వస్తుంది, వదిలితే ఆగుతుంది. బొటనవేలితో బొట్టు అద్దినప్పుడల్లా బుస్సుమంది.

"అరే, గిది తుమ్ముతుందిరా!" అని నవ్వుకున్నారట. ఎనభై సార్లు తుమ్మించారు. ఒక్కడికీ అనుమానం రాలేదు. అందులో డిగ్రీ చదివేవాడు ఉన్నాడు, వ్యవసాయం చేసేవాడు ఉన్నాడు, దుకాణం నడిపేవాడు ఉన్నాడు. తెలివితక్కువతనానికి చదువు, వృత్తి అడ్డం రావని నాకు ఆ రోజు బాగా తెలిసింది.

నేను తిరిగి వచ్చేసరికి మూడు వరసలుగా సిలిండర్లు పడుకుని ఉన్నాయి. పైన వాలంటీర్లు కూర్చున్నారు. ముందు బ్యానరు, చుట్టూ బంతిపూల దండలు. ఫోటోగ్రాఫరు ఒక కన్ను మూసి ఉన్నాడు. సావ్కార్ బావమరిది ఇత్తడి పళ్లెంలో కొబ్బరికాయ, అగరుబత్తీలు, గుప్పెడు కర్పూరం పెట్టుకుని ట్రాలీ వెనక తలుపు దగ్గర నిలబడ్డాడు. సావ్కార్ చేతిలో అగ్గిపెట్టె.

"నిప్పు ముట్టించకుండ్రి" అని అరిచాను.

"దేవుని పనికి కర్పూరం గుడ వద్దంటవా?" అన్నాడు సావ్కార్, ఫోటోగ్రాఫరు వైపు నుంచి ముఖం తిప్పకుండానే.

అప్పుడే కింద నుంచి ఆమె నా పంచె అంచు పట్టి లాగింది. "అన్నా, ఏందో మురుగువాసన వస్తుంది. జరసేపట్నించి. తలకాయ తిరుగుతుంది."

నిలబడి ఉన్న నాకు ఏ వాసనా లేదు. ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాను. ఘాటుగా కొట్టింది. ట్రాలీ వెనక తలుపు సందులో తాటిపత్రి వదులై ఉంది. తొట్టి నిండి, అక్కడ నుంచి గ్యాస్ పొర్లి నేల మీద ఆమె ఒళ్లోకి జారుతోంది. ఆమెకు మూరెడు దూరంలో సావ్కార్ పాదాలు. ఆయన పుల్ల తీసి పెట్టెకు ఆనించాడు.

లీకు చూడటానికి సబ్బునీళ్ల బకెట్ ఎప్పుడూ గేటు దగ్గర ఉంచేవాణ్ణి. అది చేతికందే దూరంలోనే ఉంది, ఎత్తి పళ్లెం, అగ్గిపెట్టె, అధ్యక్షుడు, బావమరిది, అన్నిటి మీదా ఒకేసారి పోశాను. ఫోటోగ్రాఫరు సరిగ్గా అప్పుడే నొక్కాడు. ఆ ఫోటో ఒక్కటి కమిటీ ఎక్కడా పెట్టుకోలేదు.

"నీకు పిచ్చి లేసిందా? పూజ మీద నీళ్లు కొడ్తవా?" అని బావమరిది నా కాలరు పట్టుకున్నాడు. సావ్కార్ గడ్డం నుంచి నురగ కారుతోంది. నీ నౌకరీ ఇయ్యాల్నే పోయింది అన్నాడు.

"పోనీ సావ్కార్. ఒక్కపారి గీ అమ్మ పక్కన కూసోండ్రి" అన్నాను.

"ఏంది?"

"కిందికి కూసోండ్రి. కూసోని ఒక్క ఊపిరి తీస్కోండ్రి. దాని తర్వాత నన్ను తియ్యండ్రి."

ఎందుకో కూర్చున్నాడు. ముక్కు చిట్లించాడు. ట్రాలీని చూశాడు, చేతిలో తడిసిన అగ్గిపెట్టెను చూశాడు. లేచాడు. ఆయన అంత జోరుగా నడవగలడని నాకు అప్పటిదాకా తెలియదు. గేటు దాటి, రోడ్డు దాటి, అవతలి చేనులో ఆగాడు. పైన కూర్చున్న వాలంటీర్లు విషయం గ్రహించి దూకారు. ఒకడు బ్యానరులో చిక్కుకుని బ్యానరుతో సహా పరుగెత్తాడు. డ్రైవరు మాత్రం ఇంజను ముట్టుకోవద్దని నేను చెప్పకముందే తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు.

వెనక తలుపు దించి, తాటిపత్రి మెల్లగా విప్పి, గాలికి వదిలేశాం. గాలి జోరుగా వీస్తుండటం మా అదృష్టం. వాసన పోయాక దించడం మొదలుపెట్టాం. మేమంటే నేను, డ్రైవరు, తిరిగి వచ్చిన ఇద్దరు వాలంటీర్లు, ఆమె. ఆమెను ఎవరూ పిలవలేదు. కొత్తగా కలిపిన సబ్బునీళ్లు పట్టుకుని నా వెంట నడిచింది. అడుగు వరసలో ఒక సిలిండర్ వాల్వు మీద బుడగలు పొంగాయి. పిన్ను పక్కన కుంకుమ పలుకు ఇరుక్కుని, పిన్ను పూర్తిగా వెనక్కి రావడం లేదు. మూత వదులు. దాన్ని దూరంగా తీసుకుపోయి చేనులో ఒంటరిగా నిలబెట్టాను. మిగతా వాల్వులన్నీ తుడవాలి, ఒక్కొక్కటీ చూడాలి. ఆమె కొంగుతోనే తుడవబోతే గుడ్డ ఇచ్చాను.

"బుగ్గలు రాకుంటే మంచిదే గదన్నా?"

"మంచిదే."

"ఇది జర వస్తుంది చూడు." నిజంగానే వస్తున్నాయి. అది కూడా చేనులోకి పోయింది.

నలభై ఐదు నిలబెట్టాం. తాడుతో బిగించాం. పైన కప్పు లేదు, అడుగున తాటిపత్రి లేదు. చూడటానికి ఏమీ గొప్పగా లేదు. ఇప్పుడు బండి మీద రెండో మనిషి కూర్చునే చోటు ఒక్కటే. ట్రాక్టరు మడ్‌గార్డు మీద. యజమాని హుకుం ప్రకారం అది నాది. ఆమె అడగలేదు. పొద్దున ఒకసారి కాదన్నాను కదా, మళ్లీ అడిగే అలవాటు ఆమెకు లేనట్టుంది. చేతులు కడుక్కుని సంచి భుజానికి తగిలించుకుని, రోడ్డు వైపు చూస్తూ నిలబడింది.

డ్రైవరు సీటెక్కి నన్ను చూశాడు. "అన్నా, ఆమెను రమ్మను. మూతలు చూసుడు, వాసన చూసుడు ఆమె చేస్తది. నిన్ను ఎక్కిచ్చుకుంటే తొవ్వంత లెక్కలే చెప్తవు. నాకు నిద్ర వస్తది."

అప్పటికి షెడ్డు వెనక నుంచి వచ్చి నిలబడ్డ యజమాని ఉలిక్కిపడ్డాడు. "ఆడమనిషి ఎట్ల పోతది? రూలు ఉంది కదా?"

ఆ రోజు రూలు అందరికీ గుర్తొస్తోంది, ఆమె దగ్గరికి వచ్చేసరికే.

"రూలుల సరుకు సంగతి తెల్సిన మనిషి అని ఉంది సేఠ్. మొగోడని లేదు" అన్నాను. ఆమెను అందరి ముందూ అడిగాను. "బండి ఆగినప్పుడల్లా ఏం చేస్తవమ్మా?"

"దిగుత. ట్రాలీ ఎనక కింద కూసోని వాసన చూస్త."

"వస్తే?"

"ఇంజిన్ బంద్ చేపిస్త. మందిని అవతలికి తరుముత."

"బీడీ ముట్టించుకుంటనని ఎవడన్న దగ్గరికి వస్తే?"

ఆమె ఒక్క క్షణం ఆలోచించింది. రోడ్డు అవతల చేనులో ఇంకా నిలబడి ఉన్న సావ్కార్ వైపు చూసింది. "బకెట్ ఇయ్యన్నా, ఎంట తీస్కపోత" అంది.

డ్రైవరు పకపకా నవ్వాడు. బకెట్ ఇచ్చాను. ఆమె మడ్‌గార్డు మీద కూర్చుని కడ్డీ గట్టిగా పట్టుకుంది. బండి కదిలింది.

వాలంటీర్లకు, ఫోటోగ్రాఫరుకు జీపు దొరికింది. బ్యానరు మట్టి దులిపి జీపుకు కట్టుకుని వెనకాలే వెళ్లారు. తర్వాతి కథ డ్రైవరు ఖాళీ బండితో తిరిగి వచ్చి చెప్పాడు. పోలీసులు గొలుసు కట్టిన చోట గ్యాస్ బండిని చూసి గొలుసు దించారు. వెంట వచ్చిన జీపును, తమాషా చూడటానికి వచ్చారా అని తిట్టి వెనక్కి తిప్పారు. శిబిరంలో సిలిండర్లు దించాక ఆమె డేరాల వరసలోకి వెళ్లిందట. చీకటి పడేదాకా చూశాడు, రాలేదు. చెల్లెలు దొరికిందో లేదో తనకు తెలియదన్నాడు.

నెల తిరక్కముందే బడి మైదానంలో సన్మాన సభ జరిగింది. గొలుసు దగ్గర జీపుకు ఆనుకుని దిగిన ఫోటో పెద్దది చేయించి వేదిక మీద పెట్టారు. ఎనిమిది మందికీ శాలువాలు. ఎనభై సిలిండర్లు అని సావ్కార్ మైకులో మళ్లీ అన్నాడు. డ్రైవరును ఎవరూ పిలవలేదు. నన్ను కుర్చీలు వేయడానికి పిలిచారు. నా నౌకరీ పోలేదు. ఆ పూట జరిగింది చెప్పకుండా నన్ను తీసే ఉపాయం వాళ్లకు తోచలేదంతే.

తర్వాత కొన్నాళ్లకు, ఒక మధ్యాహ్నం, గేటు చప్పుడైంది. ఆమె. వెనక ఇంకొకామె, తలకు కట్టు, చేతికి కట్టు, ఎవరిదో పెద్ద చొక్కా చీర మీద తొడుక్కుని ఉంది.

"దొరికిందన్నా" అంది అక్క. ఎలా దొరికిందో ఆమే చెప్పింది. డేరాలన్నీ చూసినా కనపడలేదట. దవాఖానలో చూసినా లేదట. ఇంక తిరిగే ఓపిక లేక, వంట దగ్గరే ఉండిపోయి వడ్డించడానికి నిలబడింది. "లైన్ల ఒకతి కొట్లాడుతుంది. గిదేం అన్నం, పలుకు పలుకున్నది, గొడ్లు తింటయా అని. ఆ గొంతు విని తల ఎత్తిన. చిన్నప్పటి నుంచి దీనికి అన్నం మీద వంకలు పెట్టుడే పని."

చెల్లెలి ఇంట్లో ఇంకెవరు మిగిలారని నేను అడగలేదు. ఇద్దరే వచ్చారు కాబట్టి.

లోపలికి రమ్మన్నాను. చెల్లెలు రేకుల షెడ్డు వైపు చూసి రెండడుగులు వెనక్కి వేసింది.

"కప్పు కిందికి రాదన్నా" అని అక్క గొంతు తగ్గించి అంది. "బస్సుల గుడ తలకాయ కిటికీ బయటికే పెట్టి వచ్చింది."

నా స్టూలు బయటికి తెచ్చి ఎండలో వేశాను. చెల్లెలు పైకి చూసింది, ఆకాశం తప్ప ఏమీ లేదు. కూర్చుంది. కుండలో నీళ్లు ముంచి చెంబుతో ఇచ్చాను. రెండు గుక్కలు తాగి ఆపింది.

"నీళ్లు ఉప్పగున్నయ్" అంది.

అక్క నవ్వు మొదలుపెట్టింది. ఆపుకోలేకపోయింది. కొంగు నోట్లో కుక్కుకుంది, కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"ఏంది, నవ్వుతవు? ఉప్పగున్నయ్ గద!" అని చెల్లెలు చెంబు నా చేతికి ఇచ్చింది.

నేనూ ఒక గుక్క తాగి చూశాను. ఇన్నేళ్లుగా అవే నీళ్లు తాగుతున్నాను. ఉప్పగానే ఉన్నాయి.